చేతులెత్తితే గానీ మూయని బల్ల

మా ఇంట్లో అన్నం తిన్నాక అందరం పట్టుబడ్డ దొంగల్లా రెండు చేతులూ పైకెత్తాలి. మా తాత ఆజ్ఞ. కొత్త చుట్టాలైనా సరే, తప్పదు. అప్పుడు గానీ ఆయన గోడకు బిగించిన మడత బల్లను లేపి మూయడు.

తాత వడ్రంగి. వయసులో ఉండగా తలుపులకు ఆయన వేసిన మడత బందు కిక్కురుమనేది కాదట. "నా తలుపు తీస్తే పక్కింటి పిల్లికి కూడా మెలకువ రాదు" అని మీసం మెలేసేవాడట. ఇప్పుడు మీసమూ పల్చబడింది, ఆ మాటా మానేశాడు.

ఆ బల్ల సొంత ఇంటికి చేసుకున్నది. ఒక్క వేలితో తోస్తే చాలు, లేచి గోడకు అతుక్కునేది. ఒక సాయంత్రం దాని నునుపు తోటి పనివాళ్లకు చూపిద్దామని, వాళ్లవైపు తిరిగి కబుర్లాడుతూనే తోసేశాడు. అప్పుడే గోడ పట్టుకుని నిలబడటం నేర్చుకుంటున్న మా అత్త, బందు సందులో వేలు పెట్టి ఉంది. బల్ల చప్పుడు చేయలేదు. అత్తే చేసింది.

ఎడమ చిటికెన వేలి కొస పోయింది.

అప్పటినుంచి తాత బందులకు నూనె వేయడం మానేశాడు. వేలు నలగకుండా సందు వదిలి మరీ బిగించేవాడు. "ఏమయ్యా, నీ బీరువా దయ్యంలా అరుస్తోంది" అని బేరగాళ్లు తిడితే, "అరవనివ్వండి. పిల్లలకన్నా ముందు అదే అరవాలి" అనేవాడు. "నూనె డబ్బా మిగిలింది, బేరాలే మిగల్లేదు" అని నానమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

మొన్న అత్త తన చంటివాడితో వచ్చింది. బల్ల కిర్రుమన్నప్పుడల్లా వాడు ఉలిక్కిపడి ఏడుపు.

"నాన్నా, రెండు చుక్కలు నూనె వెయ్యి, నీకు పుణ్యముంటుంది."

"వెయ్యను."

"వేలు పోయింది నాది. పంతం నీదా?"

"నువ్వు మర్చిపోయావు కదమ్మా. ఎవరో ఒకరికి గుర్తుండాలిగా."

భోజనాలయ్యాయి. అందరం చేతులెత్తాం. అత్త కుడి చెయ్యి ఒక్కటే ఎత్తింది.

"రెండోదేదీ?"

"పిల్లాణ్ణి పట్టుకున్నాగా నాన్నా."

"రెండోది చూడందే మూయను."

"బల్ల మూస్తావా తాతా, మమ్మల్ని జైల్లో వేస్తావా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు. అత్త పిల్లాణ్ణి నాకిచ్చి ఎడమ చెయ్యి ఎత్తింది. తాత ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. ఆమె ఎప్పుడూ ఆ చెయ్యి దాచేది తన సిగ్గుకు కాదని నాకప్పుడు తట్టింది.

బల్ల మీద చెయ్యి వేశాడు కానీ లేపలేకపోయాడు.

"నువ్వు వాడి చేతులు పట్టుకో నాన్నా, నేను మూస్తా" అంది అత్త.

తాత మనవడి రెండు పిడికిళ్లూ తన అరచేతుల్లో దాచుకున్నాడు. బల్ల కిర్రుమంది. వాడు ఏడ్చాడు.

"చూశావా తాతా, ముందు అదే అరిచింది!" అన్నాను.

 బల్ల మూసి చాలాసేపైనా తాత ఆ పిడికిళ్లు వదల్లేదు.