మా నాయన ఉత్తరం పిల్లల పత్రికకు పోయింది

కాటన్‌పేటలో మా చిన్నప్పుడు... ఇంట్లో మనుషులు నలుగురం, వచ్చే పత్రికలు నాలుగు. కింద చీరల హోల్‌సేల్ అంగడి, పైన ఇల్లు. పోస్ట్‌మ్యాన్ అట్ట చూసి, ఎవరిని పిలవాలో తనే తెలుసుకునేవాడు.

అమ్మది వారపత్రిక. సీరియల్ కోసం తెప్పించుకునేది. అది వచ్చిన రోజు మాడని కూర తిన్న గుర్తు నాకు లేదు...

అవ్వది భక్తి మాసపత్రిక. ఏకాదశి ఎప్పుడు, గ్రహణం ఎన్ని గంటలకు... అన్నిటికీ అదే ఆధారం. పొరపాటున నేల మీద పెడితే, దానికీ మనకీ కలిపి నీళ్ళు చల్లేది.

నాది పిల్లల మాసపత్రిక. కథలు, చుక్కలు కలిపే బొమ్మలు, చివరి పేజీలో పిల్లలు రాసి పంపే జోకులు.

నాయనది బట్టల వ్యాపారుల పక్షపత్రిక. పదిహేను రోజులకొకసారి వచ్చేది. నూలు ధరలు, మిల్లుల సంగతులు, వ్యాపారుల ఉత్తరాలు... బొమ్మంటూ ఉంటే మగ్గం బొమ్మే.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు, ఒకే రోజు నేనూ నాయనా చెరొక ఉత్తరం రాశాం. ఆయన తన పత్రికకు, నేను నా పత్రికకు. రెండు కవర్ల మీదా అడ్రసులు ఆయనే రాసి, అంటించే పని నాకు అప్పజెప్పాడు. అన్నం మెతుకులతో ఎంతో శుభ్రంగా అంటించాను. ఏ కవర్లో ఏది పెట్టానో మాత్రం చూసుకోలేదు...

మూడు వారాలకు నాయన పేరున ఒక కార్డు వచ్చింది. భోజనం మధ్యలో పైకి చదవడం మొదలుపెట్టాడు.

"చిరంజీవి శ్రీనివాసులుకు ఆశీస్సులు. ఎరుపు, నీలం రంగులు నీళ్ళు తగలగానే కారిపోతున్నాయని బాధపడకు. నీటిరంగులు అంతే. బొమ్మ వేసేటప్పుడు నీళ్ళు తక్కువ వాడు. చేతిరాత ఇంకొంచెం గుండ్రంగా ఉండాలి. అమ్మానాన్నల మాట విను."

నాయనకు అప్పటికి నలభై రెండేళ్ళు.

"నన్ను చిరంజీవి అంటాండాడు" అన్నాడు, కార్డు అటూ ఇటూ తిప్పుతూ.

"ఎవురో పెద్దాయన ఆశీర్వాదం చేసినాడు, ఏమీ అనకుండా సుమ్మనే తీసుకో" అంది అవ్వ.

కార్డు మీద నా పత్రిక పేరు చూసి నాకు సంగతి అర్థమైంది. వాళ్ళకు చేరింది, మిల్లు చీరల రంగు నిలవడం లేదని నాయన రాసిన ఫిర్యాదు... అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నాయన మెల్లగా నా వైపు తిరిగాడు. "అట్లయితే మా పత్రికకు పోయింది నీదేనా? ఏం రాసినావు మే?"

"జోకు."

"ఏం జోకు?"

కంచం తీసుకుని లేచిపోయాను. అది చెప్పేలాంటిది కాదు...

ఆ పక్షం పత్రిక రానేకూడదని, అవ్వ దేవుడి పటాలన్నిటికీ వరసగా దండం పెట్టుకున్నాను. వచ్చింది. మర్నాడే హిందూపురం నుంచి గోవిందప్ప కూడా వచ్చాడు. నాయన దగ్గర నెలనెలా చీరలు కొని, అక్కడ తన అంగట్లో అమ్మే మనిషి. నాయనకు అందరికంటే పెద్ద గిరాకీ. చంకలో ఆ పత్రిక.

నేను మెట్ల మీద నక్కి వింటున్నాను. గోవిందప్ప కింద మా అంగట్లో కూర్చుని, ఉత్తరాల పేజీ తీసి అందరికీ వినబడేలా చదివాడు.

"మా నాయన అంగట్లో, నూరుసార్లు ఉతికినా రంగు పోదు అంటాడు. ఇంట్లో మా అమ్మతో, నీ చీర వేరే బకెట్లో నానబెట్టు అంటాడు."

కింద నా పేరు, ఐదో తరగతి, అంగడి అడ్రసు...

"సీనప్పా, ఇది మీ పాప రాసిందేనా?"

నాయన తల ఎత్తలేదు. "చిన్నపిల్ల అప్పా... తెలీక రాసినాది."

"తెలీక ఎట్ల రాస్తాది? ఉండేదే రాసినాది. ఇరవై ఏండ్లుగా నా అంగట్లో నేనూ ఇదే చెప్తాండా. మా ఇంట్లోనూ వేరే బకెట్టే ఉండాది."

నాయన తల ఎత్తి నవ్వడం మొదలుపెట్టాడు... భుజం మీది తుండుతో కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు.

ఆ సాయంత్రం నాయన తెల్లకాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు.

"మొదటిసారి వేరేగా ఉతకండి అని రాయి. చీరకొక చీటీ. నా చేతిరాత గుండ్రంగా లేదంట గదా, నువ్వే రాయల్ల."

ఆ వేసవి సెలవులన్నీ చీటీలే రాశాను. నచ్చాయని గోవిందప్ప తన అంగడికీ ఒక కట్ట రాయించుకున్నాడు. అడగవలసింది నన్ను కదా... నాయనను అడిగాడు.

ఇప్పుడు అదే ఊళ్ళో, బ్రూక్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. సీరియల్, పంచాంగం, పిల్లల కథలు, నూలు ధర... అన్నీ ఫోన్లోనే. ఎవరికి కావలసింది వాళ్ళకే, తప్పు లేకుండా వస్తుంది. ఇంట్లో నేనూ మా ఆయనా మా పాపా ముగ్గురం, మూడు గదుల్లో చదువుకుంటాం. పక్క గదిలోంచి నవ్వు వినిపిస్తుంది... ఏం చదివి నవ్వారో తెలియదు.

మీ ఇంటికి ఏ పత్రిక ఎవరి పేరున వచ్చేది? వాళ్ళకంటే ముందు దాన్ని విప్పి చదివిందెవరు? కామెంట్లలో రాయండి... ఈసారి నా గదిలోంచి కూడా నవ్వు వినబడనీ.