తలకు పసుపు పూయొద్దు

ఆ రోజుల్లో నాకు లోకంలోని గర్భిణులంతా మూడు రకాలుగా కనబడేవారు: తల పసుపు, వీపు పసుపు, తోక పసుపు. బస్సులో నిండు పొట్టతో ఉన్నావిడకు లేచి సీటిస్తూ కూడా, ఈమె ఏ రకమో అని ఆలోచించేదాన్ని. (పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే, మా అమ్మ 'డాక్టరు లాంటి చదువు' అని చెప్పి కాఫీ తేవడానికి లోపలికి పోయేది. కడుపుతో ఉన్న ఎలుకలకు సుగర్ తెప్పించే ఉద్యోగమని ఏ తల్లి చెబుతుంది?)

ఎం.ఎస్సీ. కాగానే చెన్నైలో ఒక పరిశోధనశాలలో చేరాను. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి సుగర్ వస్తే లోపలి బిడ్డకు ఏమవుతుందో చూడటం మా పని. మనుషులను కోసి చూడలేం కాబట్టి ఎలుకలు. ఒక గుంపుకు సూదిమందుతో సుగర్ తెప్పించి వదిలేస్తాం, గుర్తుకు వాటి తల మీద పసుపు రంగు పూస్తాం. రెండో గుంపుకు సుగరూ తెప్పిస్తాం, వైద్యమూ చేస్తాం, వాటికి వీపు మీద. ఏ జబ్బూ లేనివాటికి తోక మీద. తెల్లటి బొచ్చుకు అంటిన ఆ రంగు ఒక పట్టాన పోదు, మా వేళ్లకు అంటినా అంతే. ఈనడానికి ఒక రోజు ముందు మూడు గుంపులకూ మత్తుమందు ఎక్కువిచ్చి చంపి, కోసి, లోపలి పిల్లలను చూస్తాం. అయితే 'చంపడం' అనే మాట మా దగ్గర ఎవరి నోటా వచ్చేది కాదు. 'తీయడం' అనేవారు. "ఈ వారం తల పసుపు తీస్తున్నారా?" అని, చెట్టు మామిడికాయల గురించి అడిగినట్టు అడిగేవారు.

బోన్లు కడిగి మేత వేసే ఆయన్ని అందరం బోన్ల అన్న అనేవాళ్లం. నేను చేరిన రోజే ఆయన పక్కకు పిలిచి, "పాపా, దేనికీ పేరు పెట్టొద్దు, సరియా? పేరు పెట్టినావంటే అన్నం దిగదు" అన్నాడు. నేను పెట్టలేదు. కానీ తల పసుపు గుంపులో చెవి కొస చిరిగినది ఒకటుండేది. దానికి విపరీతమైన దాహం. పొద్దున నింపిన సీసా మధ్యాహ్నానికి ఖాళీ చేసి, ఊచల మధ్య నుంచి మూతి బయటపెట్టి నా వంక చూసేది. ఒకరోజు నోరు జారి, "ఏమే అక్కా, మళ్లీ దాహమా?" అన్నాను. వెనక బోన్ల అన్న చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "పేరు పెట్టలేదు గానీ, వరస కలిపేసినావే" అన్నాడు.

అక్క అన్న మాట ఊరికే రాలేదు. కోడంబాక్కంలో నేనుండేది మా అక్కా బావల ఇంట్లో. అక్కకు అప్పుడు ఏడో నెల. అంతకు ముందు కడుపు ఎనిమిదో నెలలో లోపలే పోయింది. సుగర్ వల్లనని డాక్టర్లు అంతా అయిపోయాక చెప్పారు. ఈసారీ సుగర్ వచ్చింది. ఈ బిడ్డ కూడా దక్కకపోతే మా అక్క ఇక మనిషి కాదని ఇంట్లో అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరమూ అనం. అనలేని ఆ భయమంతా నాలో పెత్తనంగా మారింది. అక్కకు అన్నం తూచి పెట్టేదాన్ని. తిన్నాక కంచంలో మిగిలింది మళ్లీ తూచేదాన్ని (ఎలుకల దగ్గర అదే పద్ధతి). ఒకసారి వేలు పొడిస్తే రక్తం సరిగా రాలేదు. ల్యాబులో తోకకు చేసినట్టే వేలిని గోరువెచ్చటి నీళ్లలో ముంచి, తుడిచి, "కదలకు, మంచి పిల్లవు గదా" అన్నాను. అక్క నా మొహం చూసి, "ఏమే, నన్నెప్పుడు తీస్తారు?" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. తర్వాత ఇద్దరం ఒక్కసారే ఆపేశాం.

ఇంతలో అంబత్తూరు నుంచి అక్క అత్తగారు దిగింది, కోడలికి గాజులు తొడిగే వేడుక చేయాలని. చక్కెర పొంగలి దగ్గర మాకు యుద్ధం జరిగింది. "కడుపుతో ఉండే బిడ్డకు నోరు కట్టేస్తారామ్మే ఎవురైనా?" అని ఆమె. అక్క ముందు ఆ గిన్నె కూడా పెట్టడానికి వీల్లేదని నేను. చివరికి అందరూ తినేటట్టు, అక్క వాసన మాత్రం చూసేటట్టు రాజీ కుదిరింది. "వాసన చూస్తే కూడా సుగర్ వస్తాదా మీ ల్యాబులో?" అని అత్త నన్ను దెప్పింది.

వేడుక బాగానే మొదలైంది. అక్కను కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కొక్కరూ వచ్చి చేతులకు గంధం, చెంపలకు పసుపు పూసి, గాజులు తొడుగుతున్నారు. చాలా రోజుల తర్వాత అక్క మొహంలో నవ్వు చూశాను. ఆఖరున అత్త వచ్చింది. కోడలి మీద ప్రేమ పొంగిపోయి, తడి పసుపు అరచేతి నిండా తీసుకుని చెంపలకు పూసి, అంతటితో ఆగక నుదురు మీదుగా నడినెత్తి దాకా రాసేసింది.

"తలకొద్దు! అత్తా, తలకు పూయొద్దు!" అని నేను కేక పెట్టాను. "వీపుకు పూయండి!"

అత్త పసుపు చెయ్యి గాల్లోనే ఉంది. "వీపుకా?" అంది.

"తలకు పూస్తే వైద్యం చేయకుండానే తీసేస్తారు" అన్నాను. అని, చుట్టూ ఉన్న మొహాలు చూశాక గానీ నేనెక్కడున్నానో గుర్తు రాలేదు. ఎవరో నా చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టారు. ఎండ దెబ్బ తగిలిందన్నారు, పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయన్నారు. నా మాట అర్థమైంది అక్క ఒక్కదానికే. ఆమె నవ్వు అక్కడితో పోయింది. అత్త కొంగుతో ఎంత తుడిచినా నుదుటి మీద ఆ పసుపు సాయంత్రం దాకా పోలేదు.

తర్వాతి వారం తల పసుపు గుంపును తీశారు. చెవి చిరిగినది నా బల్ల మీదికే వచ్చింది. కోశాను. కొన్ని పిల్లలు ఉండాల్సిన దానికన్నా బాగా పెద్దవి, ఉబ్బిపోయి ఉన్నాయి. కొన్ని కరిగిపోయి, వాటి చోటు మాత్రం మిగిలింది. ప్రాణమున్నవి కాసేపు కదిలాయి. రాసుకోవలసింది రాసుకున్నాను. జాలి పడ్డానని గొప్పగా చెప్పను, నాకు వేసింది భయం. బోన్ల అన్న ఖాళీ బోను కడగడానికి తీసుకుపోయాడు. ఆ ఎలుకను అక్కా అన్నానని అక్కకు ఎప్పుడో చెప్పాను. ఇంటికి రాగానే అడిగింది, "ఆడ మీ అక్క ఎట్లుంది?" అని.

"బాగుంది" అన్నాను.

అక్కకు ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. (తీశారు అనే మాట ఆసుపత్రిలోనూ ఉందని అప్పుడే తెలిసింది.) బొద్దుగా పుట్టింది, గట్టిగా ఏడ్చింది, గంటలోపే సుగర్ పడిపోయి నీరసించింది. గాజుపెట్టెలో పెట్టారు. మాటిమాటికీ మడమ పొడిచి చుక్క రక్తం తీస్తుంటే, ఆ పని ఎంత నేర్పుగా చేయొచ్చో తెలిసిన నేను అటు చూడలేకపోయాను. సుగర్ కుదుటపడిందని ఊపిరి పీల్చుకునేలోగా మొహం పచ్చబడింది. "కామెర్లు, ముందు తల దగ్గర మొదలై కిందికి దిగుతాయి, నీలం లైటు కింద పెడితే తగ్గుతాయి" అని నర్సు మామూలుగా చెప్పింది. నాకు 'తల' దాకానే వినబడింది. వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాను.

అత్త వచ్చి పక్కన కూర్చుంది. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నువ్వు ముందే చెప్పినావు గదమ్మే, తలకొద్దని. పాపిష్టిదాన్ని, నా చేత్తో నేనే పూసినాను."

"అయ్యో అత్తా, అది ఎలుకలకు పెట్టే గుర్తు. పసుపు పూస్తే ఎవరికీ ఏమీ కాదు."

"మరి అంత గట్టిగా ఎందుకరిచినావు?"

ఎం.ఎస్సీ. చదివిన నేనూ, బడి మొహం చూడని ఆమే, ఆ నీలం లైటు వంక చూస్తూ అట్లాగే కూర్చున్నాం. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ మూఢనమ్మకమో ఆ పూట తేల్చడం కష్టం.

ఆ పిల్ల ఇప్పుడు రెండో తరగతి. ఈ కథంటే దానికి ప్రాణం. శుక్రవారం పూజ గదిలోంచి పసుపు తెచ్చి నెత్తిన పోసుకుని, "పిన్నీ, తలకు పూసేసుకున్నా చూడు!" అని నా ముందుకు దూకుతుంది. నేను కేక పెట్టాలి, అది పకపకా నవ్వాలి. వేడుక మధ్యలో వీపుకు పూయమని అరిచిన అప్పటి నా పిచ్చి గుర్తొచ్చి నాకూ నవ్వొస్తుంది, కేక మాత్రం ప్రతిసారీ కొంచెం నిజంగానే వస్తుంది. మొన్న తల తుడిపించుకుంటూ అడిగింది, "ఆ తల పసుపు ఎలుక ఏమైంది?" అని.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అక్క వింటోంది.

"మాధవరంలో ఉంది, పాల కాలనీలో" అన్నాను. "ఆడ పాలు దండిగా ఉంటాయి గదా."

"దాని పిల్లలు?"

"అవీ ఆడనే ఉండాయి."

అది తువ్వాలు పక్కకు తోసింది. "ఇంకా అన్ని నీళ్లు తాగతా ఉందా?"

"లేదురా" అన్నాను. "దాహం తీరిపోయింది."