నర్సమ్మ గారి తుని ప్రయాణం

పొద్దున్న లేసు అల్లికల సెంటరుకు నడిచి వెళ్తుంటే వెనక నుంచి ఒక పాత సైకిల్ వచ్చింది. గొలుసు రేకు కవరుకు రాసుకుని కర్రు కర్రుమంటోంది. పక్కకు తప్పుకోవాల్సింది పోయి నడిరోడ్డు మీద నిలబడిపోయాను. "చూసుకోవాలమ్మా!" అని కసురుకుంటూ ఆ పెద్దాయన వెళ్ళిపోయాడు. మా నరసాపురంలో ఒకప్పుడు ఆ చప్పుడు వినబడితే చిన్నపిల్లలు మంచాల కింద దూరేవారు, నర్సమ్మ గారు సూది పట్టుకుని వస్తున్నారని. ఆవిడ పేరు సుగుణ. పొట్టి మనిషి. కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, వెనక కేరియర్‌కు పోలియో చుక్కల డబ్బా కట్టుకుని నల్లటి లేడీస్ సైకిల్ మీద ఊరూరా తిరిగేవారు. రిటైరయ్యాక డబ్బా వదిలేశారు గానీ సైకిల్‌నీ, నోటి దురుసునీ వదల్లేదు.

మా హారికకు తలసేమియా. మూడు వారాలకోసారి ఎవరిదో రక్తం ఎక్కిస్తే తప్ప పిల్ల నిలవదు. దాని గ్రూపు బి నెగెటివ్, దొరకడం గగనం. ఒక వేసవిలో రాజమండ్రి ఆసుపత్రిలో రక్తం లేదన్నారు. కాలేజీలకు సెలవులు, ఇచ్చే కుర్రాళ్ళు లేరు. నేను పాలిపోయిన పిల్లని ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూలబడ్డాను. తోడు వచ్చిన నర్సమ్మ గారు నన్నొక చూపు చూసి, "ఏంటమ్మా, గోడలు ఇస్తాయా రక్తం? లే, బయటికెళ్ళి అడుగుదాం" అన్నారు. నాకు సిగ్గేసింది. ఎవరినైనా బెల్లం ముక్క అడగాలన్నా నోరు రాని మనిషిని. "నీ సిగ్గు ఖరీదు ఆ పిల్ల ప్రాణమా?" అని నలుగురిలో తిట్టారు. ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి, తాగుతున్న ప్రతి మనిషినీ గ్రూపేంటని అడిగారు. చివరికి ఒక లారీ డ్రైవరు దొరికాడు. ఆ రోజు గడిచింది.

అలా ఎన్నాళ్ళు గడుస్తుంది? ఆ చలికాలంలో భీమవరం వైపు సైకిల్ క్లబ్బు వాళ్ళు రక్తదానం కోసమని తుని దాకా యాత్ర పెట్టారు. నరసాపురంలో బయలుదేరుతుంటే నర్సమ్మ గారు తన సైకిల్ తీసుకెళ్ళి వాళ్ళ వరసలో నిలబెట్టారు. అందరివీ గేర్ల సైకిళ్ళు, హెల్మెట్లు, రంగు రంగుల బనీన్లు. "అమ్మమ్మ గారూ, ఈ సైకిల్‌తో తుని దాకానా? గేర్లది ఇస్తామండి, తీసుకోండి" అన్నాడు ఒకబ్బాయి. "నాకెందుకు నాయనా గేర్లు? మనది బల్లపరుపు నేల. అన్నవరం దగ్గర మిట్ట తగిలితే దిగి నడిపించుకుంటాను. నడిస్తే పరువేం పోదు" అన్నారు. పాలకొల్లు చేరకముందే వాళ్ళంతా కనుమరుగయ్యారట. ఈవిడ మాత్రం కనబడిన ప్రతి ఊళ్ళోనూ దిగి, రేవుల దగ్గర, రైస్ మిల్లుల దగ్గర, కోళ్ళఫారాల దగ్గర బి నెగెటివ్ వాళ్ళెవరని అడుగుతూ వెళ్ళారు.

సాయంత్రాలు ఫోన్ చేసేవారు. "సిద్ధాంతం దగ్గర గోదావరి వంతెన మీద ఎదురుగాలమ్మా, రెక్కలు పడిపోయాయి. ఒక్కడూ దొరకలేదు" అనేవారు. మర్నాడు, "ఇద్దరు దొరికారే! ఒకడికి పెళ్ళి కుదిరిందట, అయ్యాక ఇస్తాడట" అని నవ్వేవారు. క్లబ్బు వాళ్ళు తుని చేరి, ఫొటోలు దిగి, ఇళ్ళకు తిరిగొచ్చేశారు. ఆవిడ ఇంకా పిఠాపురం దగ్గరే ఉన్నారు. మోకాళ్ళు వాచి, ఎండకు కమిలి, తుని నుంచి బస్సు మీద సైకిల్ వేసుకుని తిరిగొచ్చిన రోజు మా గుమ్మంలో కూర్చుని, "దొరికారమ్మా, ఇక మన పిల్లకి ఢోకా లేదు" అన్నారు. నేను నమ్మాను. ఆ మాట నమ్మకుండా ఏ తల్లి ఉండగలదు?

నిజంగానే వాళ్ళు వచ్చారు. కబురు పెడితే పనులు మానుకుని రాజమండ్రికి బస్సెక్కేవారు. మండపేట దాటాక ఒక ఊళ్ళో కోళ్ళఫారంలో పనిచేసే సత్తిబాబైతే వచ్చినప్పుడల్లా అట్ట నిండా గుడ్లు పట్టుకొచ్చేవాడు. "ఎందుకండీ ఇవన్నీ?" అంటే "ఆయ్, పాప తింటదని" అని తల గోక్కునేవాడు. అలా రెండేళ్ళు గడిచాయి. ఆ తర్వాత హారిక ఆయాసపడటం మొదలుపెట్టింది. రక్తం ఎక్కించిన కొద్దీ ఇనుము ఒంట్లో పేరుకుపోయి గుండెను దెబ్బతీసిందని డాక్టరు చెప్పారు. దాన్ని తీసే మందు వాడాం గానీ పిల్ల ఒంటికి పడలేదు. ఏది పోసి బతికించుకున్నామో అదే దాన్ని తీసుకుపోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల, నా చెయ్యి పట్టుకునే పోయింది.

"చిన్నపిల్ల కదా, మూడు రోజుల మైల చాలు" అన్నారు మా అత్తవారి వైపు పెద్దలు. నాలుగో రోజుకి ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. నర్సమ్మ గారు వస్తే ఆవిడ మీద విరుచుకుపడ్డాను. "అంత దూరం తొక్కారు, ఏమొరిగిందండీ?" అన్నాను. ఆవిడ తల దించుకుని, "ఏమీ ఒరగలేదమ్మా" అన్నారు. నేను ఓదార్పు కోసం ఎదురుచూశాను. ఆవిడ దగ్గర లేదు. "రక్తం ఇచ్చినవాళ్ళకి చెప్పాలి. చావు కబురు ఫోన్లో చల్లగా చెప్పేస్తామా? నువ్వూ రా" అన్నారు.

నెల తిరక్కముందే ఇద్దరం సైకిళ్ళ మీద బయలుదేరాం. నాది మావారి సైకిల్. ఆవిడ మోకాళ్ళు అప్పటికే పాడయ్యాయి, వంతెన ఎక్కే చోటల్లా దిగి నడిచాం. దారంతా ఎదురుగాలి కొడుతూనే ఉంది. నాకు మాత్రం తొక్కుతున్నంతసేపూ ఏ లారీ కిందనైనా పడితే బాగుండుననిపించింది. ప్రతి గుమ్మంలో ఆవిడే నోరు విప్పి చెప్పారు, నేను వెనక నిలబడ్డాను. కొందరు అయ్యో అన్నారు. ఒకామె మజ్జిగ ఇచ్చింది.

సత్తిబాబు ఫారం దగ్గర తొట్లలో మేత పోస్తున్నాడు. నన్ను చూసి మొహం విప్పార్చుకుని, "పాపేదండీ?" అన్నాడు. నర్సమ్మ గారు నోరు తెరిచారు గానీ మాట రాలేదు. నేనే చెప్పాను. పిల్ల పోయిందని నా నోటితో అనడం అదే మొదటిసారి. అతను మేత బుట్ట కింద పెట్టాడు. "మరి మాకూ మైల ఉంటదాండి?" అని ఆవిడని అడిగాడు. ఆవిడ చర్చికి వెళ్ళే మనిషి, ఈ పట్టింపులు తెలియవు. "నాకు తెలీదు బాబూ. నీ రక్తం దాని ఒంట్లో తిరిగింది. అంతే తెలుసు" అన్నారు.

అతను బోరు దగ్గరికి వెళ్ళి, కట్టుబట్టలతోనే గొట్టం కింద కూర్చున్నాడు. తల మీంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. షెడ్డులోంచి భార్య పరిగెత్తుకొచ్చి, "ఏమైందయ్యా, ఎవరు పోయారు?" అంది.

"మన పిల్ల పోయింది" అన్నాడు.

నాకు ఓదార్పు దొరికిందని రాస్తే అబద్ధమవుతుంది. ఇప్పటికీ దొరకలేదు. కానీ అంతవరకూ నోట్లో గుడ్డలు కుక్కుకున్న దాన్ని, ఆ బోరు పక్కన మట్టిలో కూర్చుని ఊరంతా వినబడేలా ఏడ్చాను. నర్సమ్మ గారు నన్ను ఊరుకోమనలేదు. ఆవిడ కూడా మొన్న వానాకాలంలో పోయారు. మావారు పిల్ల పేరెత్తరు, నేను ఎత్తితే లేచి బయటికి వెళ్తారు. మన పిల్ల అంటే ఎవరని అడగకుండా తెలుసుకునే మనిషి ఇప్పుడు మా ఊళ్ళో ఒక్కరూ లేరు. తుని దారిలో కొందరున్నారు.