శ్రుతి దించమన్న రోజు

బేస్ గిటార్ నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కళ్యాణదుర్గంలో ఎరువుల అంగట్లో నా ఉద్యోగం. మధ్యాహ్నం రైతులు రాని వేళల్లో ఫోన్లో ట్యాబ్ చూసి వాయించేవాణ్ణి. ట్యాబ్ అంటే నాలుగు తీగలకు నాలుగు గీతలు, వాటి మీద అంకెలు. మూడు అని ఉంటే ఆ తీగను మూడో మెట్టు దగ్గర నొక్కాలి. సున్నా అయితే ఏమీ నొక్కకుండా మీటాలి. స్వరం పేరు తెలియనక్కర్లేదు. అంకెలు బట్టీపట్టి, నాకు సంగీతం వచ్చేసిందనుకున్నాను.

పెళ్లిళ్లకు పాడే ఆర్కెస్ట్రాలో బేస్ వాయించే మనిషి బెంగళూరు వెళ్లిపోతే, ఆ చోటు నాకిచ్చారు. నా తొలి కచేరి కంబదూరులో, మా చిన్నాన్న కూతురి పెళ్లిలో. నాయన శనక్కాయలు పీకే పని కూడా వదులుకొని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

మొదటి పాట బాగానే సాగింది. రెండో పాటకు గాయని అక్కకు గొంతు పట్టేసింది. మా వైపు తిరిగి, "గొంతు లేస్తాలేదు, ఒక మెట్టు దించుకోండప్పా," అంది.

కీబోర్డు వాయించే అన్న ఒక మీట నొక్కాడు, దాని శ్రుతంతా దానంతటదే దిగింది. నేను ప్రతి అంకెలోంచి ఒకటి తీసేస్తే సరిపోతుందనుకున్నాను. మూడు రెండైంది, రెండు ఒకటైంది. సున్నా దగ్గర చెయ్యి ఆగిపోయింది. దాని కింద మెట్టే లేదు. ఆ స్వరం పక్క తీగ మీద దొరుకుతుందని నాకు తెలియదు. భయంతో సున్నానే మీటాను. స్పీకర్లోంచి వచ్చిన అపస్వరానికి పెళ్లికూతురు కూడా తలెత్తి చూసింది.

"ఏమప్పా, యాడికి పోతాండావు?" అన్నాడు కీబోర్డు అన్న.

వాల్యూం పూర్తిగా తగ్గించేశాను. అతనే కీబోర్డు మీద ఎడమచేత్తో బేస్ స్వరాలు అందుకున్నాడు. కచేరి అయ్యేదాకా నేను తీగల మీద ఉత్తినే వేళ్లు ఆడిస్తూ నిలబడ్డాను. నాయన నా వేళ్లనే చూస్తూ, తొడ మీద తాళం వేస్తూ కూర్చున్నాడు.

బంతిలో భోంచేస్తూ నాయన కొత్త వియ్యంకుడితో, "ఆ లావు తీగల గిటారు వాయించింది మావోడే. గుండెల్లో దడదడమని మోగిందా లేదా?" అన్నాడు.

"మోగిందన్నా. బాగా వాయించినాడు," అన్నాడాయన.

పక్క ఆకు దగ్గర కూర్చున్న నేను అన్నం కలుపుతూ ఉండిపోయాను.

ఇంటికి వెళ్లేటప్పుడు బండి నేనే నడిపాను. వెనక కూర్చున్న నాయన మొహం కనిపించదు కాబట్టి చెప్పగలిగాను. "నాయనా, ఆ మోత నాది కాదు. పాట దించమంటే చేతకాక, సౌండు తీసేసి నిలబడినా."

 "అది నీదేనని నేను వాళ్లందరికీ చెప్పేస్తి కదరా," అన్నాడు మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది.

ఆర్కెస్ట్రావాళ్లు మళ్లీ పిలవలేదు. ఇంట్లో స్వరాల పేర్లు మొదటి నుంచి నేర్చుకోవడం మొదలుపెట్టాను. నాయన వస్తే ఆపేసేవాణ్ణి. ఒక సాయంత్రం ఆయన వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"నిలిపినావేం? ఆ పొద్దు ఇన్నది నీది కాదంటివి. నీది ఎట్లుంటాదో ఇననీ."

తప్పులతోనే వాయించాను. తల మాత్రం ఎత్తలేకపోయాను.