పెద్దమ్మ గది తలుపు

మా ఇంట్లో కోపం ఆడవాళ్ల వాటా. మా అమ్మకుండేది, పెద్దమ్మకుంది, నాకైతే ముక్కు మీదే ఉంటుంది. తేడా ఒక్కటే. నేను అరిచేసి అరగంటలో మర్చిపోతాను. పెద్దమ్మ అరవదు, మాట్లాడటం మానేస్తుంది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. మెదక్ నుంచి నర్సాపూర్ పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి వెళితే ఒక పాత కన్యస్త్రీల మఠం ఉండేది. అందులో ఆమె నలభై ఏళ్లు సిస్టర్‌గా ఉంది. చివరికి అక్కడ ఐదుగురే మిగిలారు. మఠం మూసేసి వాళ్లను తలో ఊరికి పంపారు. సరిగ్గా అప్పుడే మా అమ్మ మంచాన పడింది. చెల్లెల్ని చూసుకుంటానని మఠం పెద్దలను అడిగి పెద్దమ్మ మెదక్‌లోని మా ఇంటికి వచ్చింది. అమ్మ పోయాక కూడా నా దగ్గరే ఉండిపోయింది. మఠం ఉన్న ఆ రాతి కట్టడాన్ని తర్వాత ఎవరో తీసుకుని, బాగు చేయించి, హైదరాబాద్ వాళ్లు శని ఆదివారాలు వచ్చి సేదతీరే రిట్రీట్‌గా మార్చారు.

ఇన్నేళ్లలో పెద్దమ్మ నన్ను ఏదీ కోరలేదు. పోయిన చలికాలం ఒకరోజు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "మఠంల నా గదిల ఒక్కరోజు ఉండి రావాలె బిడ్డా" అంది. ఎందుకని అడిగితే, చేతిలో పని ఆపకుండానే చెప్పుకొచ్చింది.

మఠంలో ఒక పద్ధతి ఉండేదట. పొద్దుగూకే వేళ గంట కొడతారు. ఇక తెల్లారేదాకా ఎవరూ మాట్లాడకూడదు. ఆ రోజు ఎవరితోనైనా మాటామాటా వచ్చి ఉంటే గంటకు ముందే వాళ్ల గదికి వెళ్లి, తలుపు ఒక్కసారి కొట్టి నిలబడాలి. నోరు విప్పకూడదు. లోపలివాళ్లు తలుపు తీస్తే తగవు తీరినట్టు. తీయకపోతే గంట మోగేదాకా నిలబడి వెనక్కి వెళ్లిపోవాలి.

పక్క గది సిస్టర్‌తో పెద్దమ్మది ముప్పై ఏళ్ల సావాసం. మఠంలో ఆఖరి రోజు మధ్యాహ్నం పెద్దమ్మ నూరిన చింతకాయ తొక్కు నోట్లో పెట్టుకుని, ఉప్పు ఎక్కువైందని ఆవిడ అందరి ముందూ అనేసింది. పెద్దమ్మ చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

"మాపటికి వచ్చి తలుపు కొట్టింది. నేను మంచం మీద కూసొనే ఉన్న. తీయలే. గంట దాంక నిలవడ్డది. పొద్దుగాల మాట్లాడుదాం తియ్ అనుకున్న."

పొద్దున పెద్దమ్మ లేచేసరికి ఆవిడను బస్సుకు తీసుకుపోయారు. ఎక్కడో దూరాన వేరే మఠం. మూడు నెలలకు ఆవిడ పోయిందని ఫోన్ వచ్చింది.

ఇప్పుడు అక్కడికి పోతే ఏమొస్తుందని అడగబోయాను. అనాలనుకున్న మాట అనకుండా మింగడం నా జన్మలో అరుదు. మింగి, గది బుక్ చేశాను.

రిసెప్షన్‌లో ఉన్నది టేక్మాల్ ఊరి అబ్బాయి. పెద్దమ్మ చూపించిన గదే కావాలంటే, "ఏ రూమైనా సేమే మేడం" అన్నాడు. ఎట్లా సేమ్ అవుతుందని నేను గొంతు పెంచేసరికి తాళంచెవి తీసిచ్చాడు. పెద్దమ్మ గదికి ఇప్పుడు ఏదో పువ్వు పేరు పెట్టారు. ఏసీ వచ్చింది. గదంతా మంచమే అయింది. తలుపు మాత్రం పాతదే, పాలిష్ కొట్టి ఉంచారు. లోపలి గడియ కూడా అదే. పెద్దమ్మ దాన్ని రెండుసార్లు వేసి తీసి చూసుకుంది. వరండాలోని పాత గంటను ఇప్పటికీ సాయంత్రాలు కొడతారని రిసెప్షన్ అబ్బాయి చెప్పాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దమ్మ కనబడలేదు. వెతికితే వరండాలో చీపురు పట్టి ఊడుస్తోంది. తిన్నాక వరండా ఊడ్చుకోవడం మఠంలో వాళ్ల అలవాటు. చుట్టూ కుర్చీల్లో హైదరాబాద్ వాళ్లు, కొందరు ఫోన్లు ఎత్తి ఫొటోలు తీస్తున్నారు. రిసెప్షన్ అబ్బాయి ఉరుక్కుంటూ వచ్చాడు.

"అమ్మకు జర చెప్పుండ్రి మేడం. సార్ చూస్తే నన్ను తిడ్తడు."

నా ఒళ్లు మండింది. ఆ ఫొటోలు తీసేవాళ్లను అనాల్సింది. పెద్దమ్మను అన్నాను.

"నువ్వు వచ్చింది చుట్టంలెక్క. పనిమనిషిలెక్క కాదు. పరువు తీస్తున్నవ్ పెద్దమ్మా!"

అందరూ విన్నారు. పెద్దమ్మ చీపురు గోడకు ఆనించి, గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

అరగంటలో నా కోపం దిగిపోయింది, సిగ్గు మాత్రం దిగలేదు. చెట్ల కింద కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. ఒక ముసలమ్మ, తాను నలభై ఏళ్లు ఊడ్చిన వరండాను ఇంకొక్కసారి ఊడ్చుకుంటే నాకేం పోయింది? పొద్దు వాలుతుండగా లేచి వెళ్లి తలుపు ఒక్కసారి కొట్టాను. పెద్దమ్మా అని పిలవడానికి నోటిదాకా వచ్చింది. పెదాలు బిగించి నిలబడ్డాను.

గడియ చప్పుడైంది. తలుపు తీసి పెద్దమ్మ నన్ను చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. నాకు ఏడుపొచ్చింది. ఇంతటితో అయిపోయిందనుకున్నాను.

"నువ్వు లోపలుండు. నేను బయట నిలవడ్త" అంది.

బయటికి వెళ్లి తలుపు మూసి, ఒక్కసారి కొట్టింది. నేను వెంటనే తీశాను.

"గంత జల్దీ తీస్తవేందే? నేను గట్ల తీసిన్నా ఆమెకు? గంట దాంక తీయకు."

మళ్లీ మూసింది, మళ్లీ కొట్టింది. నేను గడియ మీద చెయ్యి వేసి ఇవతల నిలబడ్డాను. పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు, చర్చిలో పాట పాడినంతసేపు కూడా నిలబడలేని మనిషి. తలుపు కింది సందులోంచి ఆమె పాదాలు కనబడుతున్నాయి. బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతోంది. ఆ రోజు మంచం మీద కూర్చుని పెద్దమ్మ కూడా ఈ సందులోంచి ఆవిడ పాదాలను చూసే ఉంటుంది. చూసి కూడా తీయలేదు. నాకు ఆ నిమిషంలో పెద్దమ్మ మీద కోపం వచ్చింది, అంతకు పదింతలు జాలి వేసింది. ఆటో కోసం ఐదు నిమిషాలు ఆగలేని దాన్ని, గంట ఎప్పుడు కొడతారా అని పళ్లు కొరుకుతూ నిలబడ్డాను.

గంట మోగింది. ఇప్పుడు దాన్ని కొట్టేది మిర్చి బజ్జీలు తయారయ్యాయని చెప్పడానికి. తలుపు తీశాను. పెద్దమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. ముఖమంతా తడి. నేను ఏదో అనబోతే వేలు పెదాల మీద పెట్టుకుంది. గంట మోగింది కదా. మంచం మీద కూర్చోబెట్టి మోకాళ్లకు నూనె రాశాను. బజ్జీలు తెచ్చిన రిసెప్షన్ అబ్బాయి "ఏమైంది మేడం?" అంటే, నేనూ వేలు పెదాల మీద పెట్టుకున్నాను.

తెల్లారి, కారు మెయిన్ రోడ్డు ఎక్కాక గానీ పెద్దమ్మ నోరు విప్పలేదు.

"ఆ తొక్కుల ఉప్పు నిజంగనే ఎక్కువైంది బిడ్డా."