సచ్చిన నీరు

"కాచి, చల్లార్చి, వడగట్టి తాగండి." ఇరవై ఏళ్ళుగా నా నోట్లో నానుతున్న మాట ఇది. నేను నర్సును. కొండ ఊళ్ళలో వాంతులు, విరేచనాలు మొదలైతే ముందు పరిగెత్తేది మేమే. నిద్రలో కూడా ఇదే కలవరిస్తానని మా ఆయన వెక్కిరిస్తాడు.

పెదబయలు దగ్గర ఓ చిన్న ఆసుపత్రికి నాకు బదిలీ అయింది. మా ఆయన ఉద్యోగం విశాఖలోనే. మూడో తరగతి చదివే మా అమ్మాయి కొండ మీదికి రానంది, ఏడ్చింది, అన్నం మానేసింది. చివరికి మూడు గోల్డ్‌ఫిష్‌ల దగ్గర బేరం కుదిరింది. చేపలున్న కవరు ఒళ్ళో పెట్టుకుని, ఘాట్ రోడ్డులో ప్రతి మలుపుకీ "మెల్లగా, మెల్లగా" అంటూ జీపు డ్రైవరు ప్రాణం తీసింది. క్వార్టర్‌లో గాజు తొట్టె సర్దడం అయ్యాక నావైపు తిరిగి చెప్పింది.

"ఇవి చచ్చిపోతే నేను నాన్న దగ్గరికి వెళ్ళిపోతా."

నవ్వాను. మనుషుల్ని బతికించేదాన్ని, మూడు చేపల్ని బతికించలేనా అనుకున్నాను.

మా క్వార్టర్‌కి నీళ్ళు కొండ మీది ఊట నుంచి పైపులో వస్తాయి. అద్దంలా ఉంటాయి. అయినా నేను నమ్మను. ప్రతి ఆదివారం తొట్టె మొత్తం ఖాళీ చేసి, అడుగున ఉన్న గులకరాళ్ళని వేడినీళ్ళలో మరిగించి, కాచి చల్లార్చిన నీళ్ళు అంచుదాకా నింపేదాన్ని. ఊళ్ళో ఏ బిడ్డకీ అంత శుభ్రం దక్కి ఉండదు. రెండో ఆదివారం దాటాక ఒకటి చచ్చిపోయింది. మూడో వారం ఇంకొకటి. మా అమ్మాయి రెండిటినీ బంతిమొక్క కింద పాతిపెట్టి, చేతులు కడుక్కుని, తన బట్టల సంచీ తెచ్చి తలుపు దగ్గర పెట్టుకుంది.

నాకు భయం వేసింది. అదే కోపంగా బయటికొచ్చింది. "ఇంకోటి బతికే ఉందిగా, అప్పుడే ఏమిటీ వేషాలు!" అని అరిచాను. తర్వాతి ఆదివారం మరింత శ్రద్ధగా నీళ్ళు కాచాను. నీళ్ళు మార్చిన గంటకి ఆ మూడోది పైకి తేలి, నోరు తెరుచుకుని గుటకలు వేయడం మొదలుపెట్టింది. దానికి తోడు కరెంటు పోయి బుడగల మోటారు ఆగిపోయింది.

అప్పుడే మా ఆసుపత్రి ఆయా లోపలికి వచ్చింది. వాగు అవతలి ఊరు ఆమెది. నాకంటే పెద్దది, అక్క లెక్కన అప్పా అని పిలుస్తాను. నీళ్ళు కాచుకోదని ఆమెను నేను తిట్టని రోజు లేదు. వాళ్ళ ఊరు ఎన్నిసార్లు వెళ్ళినా నా సీసా నీళ్ళే తాగేదాన్ని. ఆమె తొట్టె వైపు చూసి, పొయ్యి మీది గిన్నె వైపు చూసింది.

"ఏటి సేత్తన్నావు సిస్టరమ్మా? ఇది సచ్చిన నీరు. దీన్లో అదెలా బతుకుద్ది?"

నీళ్ళ గురించి నాకు చెప్పడమా, తాతకు దగ్గులు నేర్పినట్టు! ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ మా అమ్మాయి ముఖం చూసి మింగేశాను.

"ఆ పాత నీరు ఏటి సేసావు?"

"బకెట్లో ఉంది. పారబొయ్యాలి."

"పారబొయ్యకు. బేగి తే."

తొట్టెలోంచి సగం నీళ్ళు తోడేసి, ఆ మురికి నీళ్ళే మళ్ళీ పోయించింది. తర్వాత చెంబుతో తొట్టెలో నీళ్ళే ముంచి, ఎత్తు నుంచి సన్నటి ధారగా వదలడం మొదలుపెట్టింది. పొలాల్లో పట్టిన చేపల్ని సంతరోజు దాకా కుండలో ఇలాగే బతికిస్తారట. చెయ్యి నొప్పి పుడితే నాకిచ్చింది, తర్వాత మా అమ్మాయికి. కరెంటు వచ్చేసరికి చేప అడుగుకి దిగింది. ఆమె అక్కడితో ఆగలేదు. వాగులోంచి పాచి పట్టిన రాళ్ళు నాలుగు తెచ్చి, నేను మరిగించిన రాళ్ళ మధ్య పెట్టేసింది. నేను తీసెయ్యబోయాను.

"అంబలి కుండ అడుగుదాకా కడుగుతామేటి? అడుగున పాతది ఉంటేనే కొత్తది పులుత్తాది. ఇదీ అంతే."

"పాలకి తోడు వేసినట్టా?"

"మా కొండన పాలు దూడకే. తోడు సంగతి నాకు తెల్దు."

చేపలు అమ్మిన కొట్టతనికి ఫోన్ చేస్తే అదే మాట ఇంకోలా చెప్పాడు. చేప విసర్జించేది దానికే విషమట. రాళ్ళకి పట్టే సూక్ష్మజీవులు ఆ విషాన్ని తినేస్తాయట. నేను వారం వారం చంపింది వాటినే. కాచిన నీళ్ళలో ఊపిరికి కావాల్సిన గాలి కూడా ఉండదట. అప్పట్నుంచి వారానికి పావు వంతు నీళ్ళే మార్చాం. పచ్చి ఊటనీరే, కానీ చల్లదనం విరిగేదాకా బకెట్లో పక్కన ఉంచి. మేత చిటికెడే.

మరునెలలో ఒక మధ్యాహ్నం, మలేరియా స్లైడ్లు చూసే మైక్రోస్కోపు ఖాళీగా ఉంటే, ఆ రాతి మీది జిగురు ఒక చుక్క తెచ్చి కింద పెట్టాను. గంటల్లాంటివి కాడల మీద ఊగుతున్నాయి. చెప్పుల ఆకారంలో ఉన్నవి ఒకదాన్నొకటి తప్పుకుంటూ దూసుకుపోతున్నాయి. వీటికంటే చిన్నవి, నా కంటికి ఆననివి, ఇంకెన్నో. ఇరవై ఏళ్ళుగా ఇలాంటి కటకం కింద నేను శత్రువునే వెతికాను. చేపకి కాపలా కాస్తున్న ఊరు ఒకటి అందులో ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. నమస్కారం పెట్టాలనిపించింది.

మా అమ్మాయి చూసి కుర్చీ దిగనంది. ఆయా చూసి దిగ్గున లేచింది.

"మా ఊట నీటిలోనూ ఇయ్యి ఉంటాయేటి?"

"ఉండొచ్చు."

"ఇయ్యన్నీ నా కడుపులోకి పోతన్నాయా, ఓలమ్మో!"

నేను ఇన్నాళ్ళూ తిట్టి సాధించలేనిది ఆ చుక్క సాధించింది. ఆ సాయంత్రమే ఆమె నీళ్ళు కాచింది.

వేసవి సెలవులకి మా ఆయన వచ్చి, విశాఖ రమ్మని పిలిస్తే, మా అమ్మాయి బట్టల సంచీ వైపు కూడా చూడలేదు. "చేపకి నీళ్ళు ఎవరు మారుస్తారు? అమ్మకి రాదు" అంది.

ఆ నెలలోనే టీకాల పని మీద ఆయా వాళ్ళ ఊరు వెళ్తే మా అమ్మాయీ వెంట వచ్చింది. ఆమె నా చేతికి స్టీలు గ్లాసు ఇచ్చింది.

"సచ్చిన నీరేలే సిస్టరమ్మా. భయపడకుండా తాగు. నువ్వు బతకాల కదా."

పక్కన మా అమ్మాయి మూతికి తెల్లగా అంబలి పూసుకుని నావైపే చూస్తోంది. గ్లాసు కింద పెట్టాను.

"నాకూ అంబలి పొయ్యి అప్పా" అన్నాను.

ఆమె కుండ వంచింది, అడుగున కొంచెం ఉంచి.