వదులు తాడు

మా చిన్నాయన గొర్లకాపరి. గొర్లతోనైనా మనుషులతోనైనా "జర నిలువు" అనేటోడు. ఆ మాట నాకిప్పటికీ సయించదు.

పోలీస్ యాక్షన్ అయినంక కూడ ధారూర్ దిక్కు దొర మాటకు ఎదురు లేకుండె. మా మంద కాసే కుక్క మీద కన్నుపడి, దొర దాన్ని వికారాబాద్ బంగ్లాకు పట్టుకపోయిండు. అది తాడు గుంజి ఆయన్ను బజార్ల బోర్ల పడగొట్టింది. "వచ్చి దీనికి నడుసుడు నేర్పు, లేకుంటే కాల్చి పారేస్త" అని చిన్నాయనకు కబురు పంపిండు.

చిన్నాయన గొర్లను చిన్నమ్మకు అప్పజెప్పి పోయిండు. కుక్క గుంజినప్పుడల్ల "జర నిలువు" అని మొద్దులెక్క నిలవడేటోడు. తాడు వదులైతెనే అడుగేసేటోడు. అట్ల నేర్పి దాని పానం కాపాడిండు.

కొన్నాళ్లకు గొంగళ్లు అమ్ముదామని నేను, చిన్నాయన ఇద్దరం వికారాబాద్ పోయినం. స్టేషన్ తొవ్వల దొర ఎదురయిండు, పక్కన మా కుక్క. అది చిన్నాయనను చూసి తోక ఊపింది, ఒళ్లంత వణికింది. కాని ఒక్క అడుగు ముందటికి రాలే. తాడు వదులుగనే ఉన్నది.

"మంచిగ నేర్పినవ్‌రా" అన్నడు దొర.

దొర ముందట చెప్పులు తొడుగొద్దని వాటిని చేతుల పట్టుకొని, చిన్నాయన గూడ ఒక్క అడుగు ముందటికి వెయ్యలే. ఆయన మెడకు తాడు లేదు.